గమకానికి గుర్తు పెట్టిన పెద్దాయన: సుబ్బరామ దీక్షితులు

మన బడిలో సంగీతం చెప్పిన రోజుల్లో పిల్లల నోటుపుస్తకాలు చూస్తే నాకు ముచ్చటేసేది. స్వరాలు ఒక్కటి కూడా తప్పు పోకుండా రాసుకునేవారు. తీరా వేసవి సెలవులు అయిపోయి వచ్చి పాడితే, స్వరాలన్నీ ఉండేవి, రాగం మాత్రం ఉండేది కాదు. తప్పు పిల్లలది కాదు. ‘గ’ అని రాసి ఇచ్చాను గాని, ఆ ‘గ’ను ఎలా ఊపాలో కాగితం మీద పెట్టలేదు. తోడిలోనూ భైరవిలోనూ ఉన్నది సాధారణ గాంధారమే. రెండింటిలోనూ అదే అక్షరం రాస్తాం. కాని వినగానే ఇది తోడి, ఇది భైరవి అని చెవికి తెలిసిపోతుంది. ఆ తేడా తెచ్చేది గమకం.

ఈ చిక్కును నూరేళ్లకు ముందే ఎదుర్కొని, దానికి మన తెలుగు అక్షరాల మీదనే దారి చూపినవారు సుబ్బరామ దీక్షితులుగారు. మన సువర్ణోత్సవ సంచికలో ఆయన్ని ఒకసారి తలుచుకోవాలనిపించింది.

ఆయన 1839లో తిరువారూరులో పుట్టారు. త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు అప్పటికి నాలుగేళ్ల కిందటే, 1835లో, ఎట్టయపురంలో కన్నుమూశారు. ముత్తుస్వామి దీక్షితుల చిన్న తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చినవారిలో ఆయన పేరు ముందు చెబుతారు. ఆయన తన కూతురి కొడుకునే దత్తత తీసుకున్నారు. ఆ పిల్లవాడే సుబ్బరాముడు. తాతగారే తండ్రీ గురువూ అయ్యారు. గాత్రం, వీణ, సంస్కృతం, తెలుగు అన్నీ అబ్బాయి. బాలుస్వామి దీక్షితుల తర్వాత ఆస్థానంలో ఆ స్థానం ఇంకా ఇరవై ఏళ్లైనా నిండని మనవడికే దక్కింది. ఇక జీవితమంతా ఎట్టయపురంలోనే గడిచింది.

ఆయన దగ్గర ఒక నిధి ఉంది. పెదతండ్రి కీర్తనలు, వేంకటమఖి సంప్రదాయానికి చెందిన గీతాలు, లక్షణాలు, తానాలు. వీటిలో చాలా భాగం ఆ ఇంట్లోనే నిలిచి ఉంది. ఆ రోజుల్లో విద్య అంటే గురువు నోట విని శిష్యుడు పట్టుకోవడమే. అడిగిన ప్రతివారికీ ఇచ్చేది కాదు. అచ్చు వేయించి అంగట్లో పెట్టేది అంతకన్నా కాదు.

దీన్ని కదిలించినవారు ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్. మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగి, ఎం.ఏ. చదివినవారు, క్రైస్తవులు. మన సంగీతాన్ని పాశ్చాత్యుల స్వరలిపిలో, ఐదు గీతల మీద, రాసి అచ్చు వేయాలని నడుం కట్టి, 1890ల మొదట్లో ఆ పుస్తకం వెలువరించారు. ఆ పనిలో డబ్బూ పోయింది, కంటిచూపూ దెబ్బతింది. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనల కోసం వెతుకుతూ సుబ్బరామ దీక్షితులుగారి దగ్గరికి చేరారు. ఇవన్నీ మీతోనే పోకూడదని ఆయన్ని బతిమాలారు. ఎట్టయపురం రాజావారి చేత కూడా చెప్పించారు. దీక్షితులుగారు మొదట వెనుకాడినా చివరికి ఒప్పుకున్నారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు.

ఒప్పుకోవడం ఒక ఎత్తు, రాయడం మరొక ఎత్తు. అప్పటికే తెలుగులో స్వరాలతో సంగీత పుస్తకాలు అచ్చయ్యాయి. మన లిపిలో ఒక సౌకర్యం ఉంది. ‘స’ అని హ్రస్వంగా రాస్తే ఒక అక్షరకాలం, ‘సా’ అని దీర్ఘం తీస్తే రెండు. కాలం సంగతి అలా తేలుతుంది. మరి ఊపు సంగతి? దీక్షితులుగారు వైణికులు. వీణ మెట్ల మీద వేలు చేసే పనిని ఒక్కొక్కటే విడదీసి, ఒక్కొక్క దానికి ఒక గుర్తు పెట్టారు. స్వరం ఊగితే అది కంపితం. దానికి అలలా వంకర గీత. కింది స్వరం నుంచి పైకి జారితే ఎక్కు జారు, పైనుంచి కిందికి వస్తే దిగు జారు. వీటికి అటు ఒరిగిన గీత ఒకటి, ఇటు ఒరిగిన గీత ఒకటి. జంట స్వరాలలో రెండోదాన్ని కింది స్వరం తాకించి గట్టిగా పలికించేది స్ఫురితం. దానికి మూడు చుక్కలు. నొక్కు, రవ, వళి, ఒదుక్కల్, ఇలా మిగిలినవాటికీ వేటి గుర్తులు వాటికే. తెలుగు, తమిళం, సంస్కృతం పేర్లు కలిసే ఉంటాయి. వీణ నేర్చుకునేవారి నోట ఆడే మాటలే అవి.

ఆ గుర్తులు స్వరాక్షరం మీద ఎక్కేసరికి, కాగితం చూసేవాడికి ఏ స్వరం, ఎంతసేపు అన్నవాటితో పాటు ఆ స్వరం దగ్గరికి ఎలా చేరాలో కూడా తెలుస్తుంది. నా విద్యార్థుల పుస్తకాల్లో లేనిది సరిగ్గా ఇదే.

‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలోనే విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయింది. సుమారు 1700 పేజీలు. తమిళదేశం నడుమ అచ్చయినా పుస్తకం తెలుగులో ఉంది. దక్షిణాదిన సంగీతానికి అప్పుడు తెలుగే ఉమ్మడి భాష. 72 మేళాలు, వాటి జన్యరాగాలు, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229, డెబ్బైకి పైగా విద్వాంసుల చరిత్రలు అందులో ఉన్నాయి. ఇంత చేయించిన ముదలియార్‌గారు దాన్ని చూడకుండానే వెళ్లిపోయారు. సుబ్బరామ దీక్షితులుగారు కూడా 1906లో కాలం చేశారు. పుస్తకం వచ్చి రెండేళ్లే.

ఆయన కుమారుడు అంబి దీక్షితులు తర్వాత మద్రాసులో పాఠం చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో డి.కె. పట్టమ్మాళ్ ఒకరు. అటు నోటి పాఠం, ఇటు పుస్తకం, రెండు దారులా ఆ విద్య మన దాకా వచ్చింది. కచేరీల్లో వినే కీర్తనకూ పుస్తకంలోని పాఠానికీ తేడాలున్నాయని, ఏది సరి అని విద్వాంసులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పుస్తకం లేకపోతే ఆ వాదానికీ చోటుండేది కాదు.

ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ గుర్తులు చదివి కొత్తగా పాడబోయేవాడికి రాగం రాదు. కంపితం అంటే ఎంత ఊపో, ఒక్కసారైనా ఎవరో పాడగా విని ఉండాలి. విన్నవాడు మరిచిపోకుండా పుస్తకం కాపాడుతుంది. వినిపించడం మాత్రం గురువు పనే. దీక్షితులుగారికి ఇది తెలియక కాదు. చెప్పేవాళ్లు ఎప్పటికీ ఉండరని కూడా ఆయనకు తెలుసు. అందుకే అరవై దాటాక కూర్చుని, ఇంటి విద్యను అందరిదీ చేశారు.

మన బడిలో చదివి ఇప్పుడు తామే నలుగురికి పాఠం చెబుతున్నవారు చాలామంది ఉన్నారు. సంగీతమే కానక్కర్లేదు. మీ చేతికి మాత్రమే తెలిసిన కిటుకు ఏదైనా ఉంటే, దానికీ ఒక గుర్తు పెట్టి రాసి ఉంచండి. రాసినదాన్ని ఒక్క పిల్లవాడికైనా దగ్గర కూర్చోబెట్టుకుని వినిపించండి.