కృష్ణారెడ్డి (ముద్రణ చిత్రకారుడు)

కృష్ణారెడ్డి (జూలై 15, 1925 - ఆగష్టు 22, 2018) అంతర్జాతీయ ఖ్యాతి గడించిన తెలుగు ముద్రణ చిత్రకారుడు, శిల్పి, అధ్యాపకుడు. ఒకే లోహపు పలకపై అనేక రంగులను పూసి ఒక్కసారిగా అచ్చు తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ఈయన ప్రముఖుడు. పువ్వు, విత్తనం, నీటి అల, సీతాకోకచిలుక ఈయన చిత్రాలలో తరచుగా కనిపించే వస్తువులు.

బాల్యము, విద్యాభ్యాసము

చిత్తూరు జిల్లా నందనూరు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలలో చదివి, 1941లో శాంతినికేతనం చేరి, 1946 వరకు విశ్వభారతి కళాభవనంలో విద్యనభ్యసించాడు. నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ, రాంకింకర్ బైజ్ అప్పటి ఆచార్యులు. మొక్కలను, పూలను అవి పెరిగే చోటనే చూసి గీయడం అక్కడి శిక్షణలో ముఖ్య భాగం. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని పోస్టర్లు చిత్రించాడు. 1943 నాటి బెంగాల్ కరువు బీభత్సాన్ని సమీపం నుండి చూశాడు.

1947 నుండి మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళా విభాగానికి అధిపతిగా పనిచేసి, 1949లో లండన్ వెళ్ళి స్లేడ్ కళాశాలలో శిల్పకళ అభ్యసించాడు. తరువాత పారిస్ చేరి ఒసిప్ జాడ్కిన్ వద్ద శిల్పం, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియర్ 17 లో లోహపు పలకలపై చెక్కడం నేర్చుకున్నాడు. ఆయన జీవితం మలుపు తిరిగింది ఈ కార్మికశాల వంటి కళాశాలలోనే.

ముద్రణ పద్ధతి

అంతకు పూర్వం లోహపు పలకతో రంగుల చిత్రం అచ్చు వేయాలంటే సాధారణంగా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక సిద్ధం చేసుకోవలసి వచ్చేది. కృష్ణారెడ్డి, బొంబాయికి చెందిన కైకో మోతీ, హేటర్ ఈ ఇబ్బందిని తొలగించే ప్రయోగాలు చేశారు. విద్యార్థులు భౌతికశాస్త్రంలో చదువుకొనే స్నిగ్ధతయే దీనికి ఆధారం. పలకను వేర్వేరు లోతులలో చెక్కుతారు. సిరాలలో అవిసె నూనె పాళ్ళు మార్చి కొన్నిటిని పలుచగా, కొన్నిటిని జిగటగా చేస్తారు. గట్టి రోలర్ ఎత్తైన భాగాలను మాత్రమే తాకుతుంది, మెత్తని రోలర్ పల్లాలలోనికి దిగుతుంది. నూనె ఎక్కువగా ఉన్న పొర దానిపై వచ్చే జిగట సిరాను అంటనివ్వదు. అందువలన రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి. పలకను ఒక శిల్పంలా మలచవలసి వచ్చే ఈ పనిలో కృష్ణారెడ్డి పొందిన శిల్ప శిక్షణ ఎంతో ఉపకరించింది. ఈ పద్ధతి ఘనతను ఏ ఒక్కరికో ఆపాదించడం సరికాదు, కాని దానిని సూక్ష్మస్థాయికి తీసుకువెళ్ళినవాడు మాత్రం ఆయనే.

పూల చిత్రాలు

ఐరోపాలో పూల చిత్రమంటే 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుల కాలం నుండి బల్లపై కూజాలో అమర్చిన కోసిన పూలు గుర్తుకు వస్తాయి. స్టిల్‌లైఫ్ అనబడే ఈ సంప్రదాయాన్ని ఆధునిక ముద్రణ చిత్రకారులు అనేకులు కొనసాగించారు. కృష్ణారెడ్డి మార్గం వేరు. ఆయన చిత్రాలలో కూజా లేదు, బల్ల లేదు. 1959 నాటి కలువపూల చిత్రంలో ఆయన దృష్టి పూల బాహ్యరూపం కంటె వాటి అంతర్నిర్మాణంపై నిలిచింది. విత్తనం మొలకెత్తడం, మొగ్గ విచ్చుకోవడం వంటి చిత్రాలలో కూడా పెరుగుదలయే వస్తువు. కోసిన పువ్వు కదలదు, ఆయనకు కావలసింది కదలిక. 1963లో వేసిన అల, సుడిగుండం చిత్రాలు ఈ దృష్టికి కొనసాగింపే. వీటిని కేవలం సాంకేతిక నైపుణ్యానికి ఉదాహరణలుగా చూపడం వలన చిత్రకారుడిగా ఆయనకు కొంత అన్యాయమే జరిగింది.

తరువాతి జీవితము

1960లలో అటెలియర్ 17 సహ సంచాలకుడయ్యాడు. 1968 పారిస్ విద్యార్థి తిరుగుబాటు ఆధారంగా ప్రదర్శకుల చిత్రాన్ని రచించాడు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. 1970లలో న్యూయార్క్‌లో స్థిరపడి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణ చిత్రకళ బోధించాడు. కుమార్తెను సర్కస్‌కు తీసుకువెళ్ళిన అనుభవం నుండి విదూషకుల చిత్రమాల పుట్టింది. తన పద్ధతిని దాచుకొనలేదు. అనేక దేశాల విద్యార్థులకు నేర్పాడు, 1988లో దానిపై ఒక గ్రంథం ప్రచురించాడు.

2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల చిత్రాలను కలిపి ప్రదర్శించింది. 2018 ఆగష్టు 22న ఆయన న్యూయార్క్‌లో మరణించాడు.