శక్తి లెక్క తేల్చిన జౌల్

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి యంత్రాలకు పెట్టింది పేరు. చెన్నై–విజయవాడ మార్గంలో నడిచే ఎన్నో ఇంజన్లకు అక్కడి లోకోషెడ్డే మజిలీ. ఫైర్‌మన్ పారతో బొగ్గును పొయ్యిలోకి విసిరేవాడు. నీరు ఆవిరయ్యేది. ఆ ఆవిరి బలంతో వందల టన్నుల బండి కదిలేది. పొయ్యిలో పుట్టినది ఉష్ణం. పట్టాలపై జరిగినది పని. ఇంత ఉష్ణానికి ఇంత పని అని, రూపాయికి ఇన్ని పైసలన్నంత కచ్చితంగా చెప్పగలమా? ఆ లెక్క తేల్చడానికి జీవితాన్ని ధారపోసిన శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

ఇంగ్లండులో మాంచెస్టరు నగరాన్ని ఆనుకొని ఉన్న సాల్ఫర్డులో 1818 డిసెంబరు 24న జౌల్ జన్మించాడు. తండ్రి బీరు కర్మాగారానికి యజమాని. బాల్యంలో ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండటంతో ఆయన చదువు ఇంటివద్దే సాగింది. పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ వద్ద అన్నతో కలిసి గణితం అభ్యసించాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. కర్మాగారపు పనుల నడుమ దొరికిన తీరికలోనే ప్రయోగాలు చేసేవాడు.

కర్మాగారంలోని ఆవిరి యంత్రానికి బదులు విద్యుత్ మోటారును వాడవచ్చునా అని ఆయన మొదట యోచించాడు. బ్యాటరీలో కరిగే జింకు కన్నా బొగ్గే ఎంతో చవక అని తేలింది. ఆశ నెరవేరకపోయినా అన్వేషణ ఆగలేదు. తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1840లో కనుగొన్నాడు. నేడు దానినే జౌల్ నియమం అంటున్నాం.

ఉష్ణం ఒక సూక్ష్మద్రవమనీ, దానిని సృష్టించడం అసాధ్యమనీ ఆనాటి పండితులలో అనేకుల విశ్వాసం. పని నుంచే ఉష్ణం పుడుతుందని జౌల్ భావించాడు. నీరు నిండిన పాత్రలో తెడ్లచక్రాన్ని అమర్చి, తాళ్లకు కట్టిన బరువులు కిందికి దిగుతుంటే అది తిరిగేలా చేశాడు. రాపిడివల్ల నీరు వేడెక్కేది. బరువులను ఇరవైసార్లు దింపినా పెరిగే వేడి ఫారన్‌హీటు మానంలో సుమారు అర డిగ్రీ మాత్రమే! అంత స్వల్ప భేదాన్ని కొలవడానికి మిక్కిలి సున్నితమైన ఉష్ణమాపకాలు అవసరమయ్యాయి. ఒక పౌను నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి, 772 పౌన్ల బరువు ఒక అడుగు దిగినప్పుడు జరిగేంత పని కావాలని ఆయన తేల్చాడు.

ఈ సత్యానికి తొలుత ఆదరణ లభించలేదు. 1843లో ఐర్లండులోని కార్క్ నగరంలో జరిగిన సభలో ఆయన తన ఫలితాలను వినిపిస్తే పట్టించుకున్నవారు అరుదు. 1847లో మాంచెస్టరులో చేసిన ప్రసంగం స్థానిక వార్తాపత్రికలో వెలువడింది. ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డు సభలో విలియం థామ్సన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఆయన మాటల విలువను గుర్తించాడు. తరువాతి కాలంలో ఇద్దరూ కలిసి పరిశోధనలు చేశారు. 1850లో రాయల్ సొసైటీ జౌల్ వ్యాసాన్ని ప్రచురించింది. అయితే రాపిడి అంటే పని ఉష్ణంగా మారడమే అన్న నిర్ణయాన్ని మాత్రం అందులోనుంచి తొలగింపజేసింది. అదే సంవత్సరం ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 1870లో కోప్లే పతకంతో సత్కరించింది.

ఆయన గృహజీవితం కష్టాలతో నిండినది. 1847లో వివాహమాడిన అమీలియా, ఇద్దరు పసిబిడ్డలను విడిచి 1854లో కన్నుమూసింది. ఆ తరువాత కుటుంబపు బీరు కర్మాగారం చేయిదాటింది. చివరి సంవత్సరాలలో 1878 నుంచి ప్రభుత్వమిచ్చిన ఏటా 200 పౌన్ల పింఛను ఆయనకు ఆసరా అయింది. అదే ఏడాది, అరవయ్యవ ఏట, తన లెక్కను మరింత సూక్ష్మంగా సరిచూసి 772.55 అని ప్రకటించాడు. నేడు ఆ విలువను సుమారు 778గా గ్రహిస్తున్నాం.

ఈ సంఖ్య వల్లనే యంత్రపు కొలతలూ ఉష్ణపు కొలతలూ ఒకే భాషలో మాట్లాడుకోగలిగాయి. జేమ్స్ వాట్ నిర్ణయించిన ఒక అశ్వసామర్థ్యం నిమిషానికి 33,000 అడుగు-పౌన్ల పని. అది నేటి కొలతలో 746 వాట్లు, అనగా సెకనుకు 746 జౌళ్లు. ఒక కేలరీకి సుమారు 4.186 జౌళ్లు. 746ను 4.186తో భాగిస్తే సెకనుకు 178 కేలరీలు. గంటకు సుమారు 641 కిలోకేలరీలు. బొగ్గులోని ఉష్ణమంతా పనిగా మారదు. రైలు ఆవిరి యంత్రాలలో సాధారణంగా పదోవంతు కూడా పనిగా మారేది కాదు. ఎంత ఉష్ణం పనిగా మారుతోందో, ఎంత వృథాగా పోతోందో తెలిసినది ఈ లెక్కవల్లనే. బిట్రగుంటలో ఆవిరి యంత్రాలు కనుమరుగై విద్యుత్తు ఇంజన్లు వచ్చినా ఈ లెక్క మారలేదు.

1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ పనికి, శక్తికి ప్రమాణంగా జౌల్ పేరును స్వీకరించింది. ఆ ఏడాదే అక్టోబరు 11న సేల్ పట్టణంలో ఆయన పరమపదించాడు. ఆయన సమాధి శిలపై 772.55 అనే సంఖ్యను చెక్కారు. విశ్వవిద్యాలయ చదువు లేని మనిషి, సహనంతో కొలిచిన అర డిగ్రీ వేడి నుంచి ప్రపంచానికంతటికీ పనికివచ్చే సత్యాన్ని వెలికితీయగలడని ఆ సంఖ్య చాటుతున్నది.