తాళం పడని ఇల్లు

గన్నవరం: పిల్లలు లేని పెద్దమనిషి కన్నుమూస్తే మన పల్లెల్లో పెద్దదినం కాకముందే ఇంటి పంచాయితీ లేస్తుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దానిమీదే మొదటి తగవు. కోర్టులో దావా తేలేలోగా పైకప్పు కూలి, దొడ్డినిండా జిల్లేళ్ళు మొలుస్తాయి.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి ఆ గతి పట్టలేదు. లోకానికి ఎదురు నడిచిన మనిషి ఆయన. 1848లో పుట్టారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు గౌరమ్మ మన కృష్ణా జిల్లా పిల్లే. ఖర్చుకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఆదుకున్నారు. కులం వారు వెలివేశారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి, వచ్చినవారికి వండి వడ్డించారు. పంతులుగారిని పొగిడేవారిలో ఆ ఇల్లాలి నడుము నొప్పి తలచేవారు తక్కువే.

ఆ దంపతులకు సంతానం లేదు. అయినా దాయాదులు తేల్చుకుంటారులే అని ఊరుకోలేదు. 1906లో హితకారిణీ సమాజం నెలకొల్పి, ఇద్దరూ బతికుండగానే యావదాస్తి దానికి రాసిచ్చారు. వితంతు శరణాలయం, బడి నడవడానికి ఏర్పాటు అది. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పోయారు. పంతులుగారు 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాతి కాలంలో ఆ ఇంటిని పురావస్తు శాఖ ప్రదర్శనశాలగా మార్చింది. మన గన్నవరంలో రైలెక్కితే గోదావరి వంతెన దాటగానే రాజమండ్రి.