పేరడిగి తెలుసుకున్న రస్సెల్ దొర

జువాలజీ విద్యార్థులకు రక్తపింజర శాస్త్రీయనామం కంఠతా వచ్చు: డబోయా రసెలియై. అందులోని రస్సెల్ ఎవరయ్యా అంటే మాత్రం చాలామంది నోరు మెదపరు. ఆ పెద్దమనిషి మన విశాఖపట్నంలో కాపురమున్నవాడు, మన జాలరుల మాటల్ని ప్రపంచ శాస్త్రంలోకి ఎక్కించినవాడు. ఆయన జీవితం మనవాళ్లు తెలుసుకోదగ్గదని నా అభిప్రాయం.

ప్యాట్రిక్ రస్సెల్ 1726లో స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టాడు. వైద్యం చదువుకుని, 1750లో సిరియాలోని అలెప్పో నగరానికి, తన సవతి అన్న అలెగ్జాండర్ దగ్గరకు వెళ్లాడు. అన్న వెళ్లిపోయాక అక్కడి ఆంగ్ల వర్తకులకు తానే వైద్యుడయ్యాడు. 1760 మొదలు రెండేళ్లకు పైగా ప్లేగు ఆ ఊరిని పట్టి పీడించింది. రస్సెల్ ఊరు విడిచి పోలేదు. రోగుల లక్షణాలన్నీ ఓపికగా రాసిపెట్టుకున్నాడు. అదే 1791లో ప్లేగు మీద పెద్ద గ్రంథమైంది.

తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అతనితో కలిసి 1781లో రస్సెల్ విశాఖపట్నం చేరాడు. అప్పటికాయన వయసు యాభై అయిదు. మనవాళ్లు విశ్రాంతి గురించి ఆలోచించే ఈడు! 1785లో కోనిగ్ అనే శాస్త్రజ్ఞుడు చనిపోగా, ఆ స్థానంలో కంపెనీ ఈయనను ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది.

ఆ రోజుల్లో పాముకాటు పెద్ద సమస్య. ఏది విషపు పామో, ఏది కాదో తేల్చి చెప్పే పుస్తకం లేదు. రస్సెల్ పాముల్ని తెప్పించి కోరలు పరీక్షించాడు, పొట్టకింది పొలుసులు లెక్కపెట్టాడు. కోళ్లను, కుక్కలను కరిపించి విషం పనితీరు చూశాడు. అది ఈనాడు మనం మెచ్చే పద్ధతి కాదు. అయినా పాములన్నీ విషపువి కావని పరీక్షించి చూపించాడు. 1796లో వచ్చిన ఆయన గ్రంథంలో రక్తపింజర కటుక రేకుల పొడ అన్న తెలుగు పేరుతోనే ఉంది.

తర్వాత చేపల వంతు. 1803లో విశాఖ తీరపు రెండు వందల చేపల మీద రెండు సంపుటాలు వెలువరించాడు. స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు వేయించి, వాటికి మన తీరంలో వాడుకలో ఉన్న పేర్లే పెట్టాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ పేర్లనే తీసుకున్నారు. అందుకే కానాగుర్త చేప ప్రపంచమంతటా రాస్ట్రెల్లిజర్ కనగుర్తా అయింది. సావడ సవాలా అయింది. ఒక జాతి సొరచేప కార్కరైనస్ సొర్రా అయింది. రస్సెల్ 1805 జూలై 2న కన్నుమూశాడు.

ఇదంతా పాతకథ అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే నేను మెట్రోలో మూడో స్టేషన్ ఎల్.బి.నగర్‌లో దిగి ఒక మిత్రుడింటికి వెళుతుంటాను. అతనికి ఉప్పునీటి అక్వేరియం ఉంది. సముద్రంలోంచి పగడపు రాయి తీయడం మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద నేరం. కాబట్టి మనిషి చేసిన రాయినే మరొకరి తొట్టెలో నెలల తరబడి ఉంచి, జీవం పట్టాక తెచ్చుకున్నాడు. దాంతోపాటు పిలవని పేరంటానికి కొన్ని ప్రాణులూ వచ్చాయి. రాత్రి టార్చి వేస్తే జరజరా పాకే ఎర్రటి పురుగులు! ఇంట్లో వాళ్లు హడలిపోయి రాయిని మరిగించమన్నారు. మేం ఒప్పుకోలేదు. అలాంటి రాళ్లమీద జొయాంథిడ్లనే జీవులుంటే, మరిగించినప్పుడు పాలిటాక్సిన్ అనే భయంకర విషం ఆవిరితో గాలిలో కలిసి మనుషుల్ని ఆసుపత్రి పాలు చేసిన సంఘటనలున్నాయి.

భూతద్దం, నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాం. పక్కల తెల్లని వెంట్రుకల కుచ్చులున్నది బ్రిసిల్ వార్మ్. మిగిలిన మేత తిని తొట్టెను శుభ్రం చేస్తుంది. ఆ వెంట్రుకలు చర్మంలో గుచ్చుకుంటాయి కనుక వట్టి చేత్తో ముట్టకుంటే చాలు. చిన్న తాటిచెట్టులా అందంగా ఊగే గోధుమరంగు జీవి మాత్రం ఐప్టేసియా. పగడాలను కుట్టి చంపేది ఇదే. తుంచితే ముక్కముక్కా మళ్లీ మొలుస్తుంది. దాన్ని తుంచకుండా, చిక్కటి సున్నపు నీటిని సిరంజితో నోట్లోకి వదిలాం. చూడ్డానికి భయం పుట్టించింది మిత్రుడు, ముచ్చటగా ఉన్నది శత్రువు!

రస్సెల్ పాముల విషయంలో చేసిందీ ఇదే. వానాకాలంలో మన కొత్త కాలనీల్లో పాము కనబడితే చాలు, కర్రలు లేస్తాయి. ఎలుకల్ని తినే జెర్రిపోతు కూడా ఆ దెబ్బలకే పోతుంది. ముందు చూడాలి, గుర్తుపట్టాలి, తర్వాతే చేయి లేపాలి.

ఇంకొక్క మాట. ఆ రాతిమీది జీవుల్లో చాలావాటికి మేం వాడింది ఇంగ్లీషు పేర్లే. ఎక్కడో ఎడింబరోలో పుట్టినవాడు మన తీరానికొచ్చి, మన జాలరుల పేర్లు రాసి దాచిపెట్టాడు. ఈసారి స్టడీ టూరుకు సముద్రం ఒడ్డుకు వెళ్లే మిత్రులు ఫోటోలతో సరిపెట్టుకోక, వలలు బాగుచేసుకునే పెద్దాయన పక్కన కాసేపు కూర్చుని, వలలో పడ్డ ప్రతి ప్రాణినీ ఏమంటారో అడిగి రాసుకురావాలని కోరుతున్నాను.