కరివేపాకులో నిలిచిన పేరు

ఆదామునకు దేవుడు అప్పగించిన పనులలో జీవులకు పేర్లు పెట్టుట యొకటి. ఆ పనిని మన తీరమున శ్రద్ధతో సాగించి, మన కాకినాడలోనే కన్నుమూసిన వైద్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్.

ఆయన 1728లో బాల్టిక్ సముద్ర ప్రాంతమైన లివోనియాలో జన్మించెను. స్వీడను దేశమందలి ఉప్సాలాలో లిన్నేయస్ పండితుని యొద్ద చదివెను. ప్రతి జీవికి రెండు పదముల పేరు చాలునని ఆ గురువు బోధించెను. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వచ్చునట్లు, మొదటి పదము ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. ప్రజాతులు క్రమములుగాను, క్రమములు తరగతులుగాను కూడును.

1768లో కోనిగ్ డేనిష్ స్థావరమైన తరంగంబాడికి మిషను వైద్యుడుగా వచ్చెను. ఆ సంవత్సరముననే అక్కడి మొరేవియన్ సహోదరులు నికోబారు దీవులకు ఓడనెక్కి నాన్‌కౌరిలో నివాసమేర్పరచుకొనిరి. జ్వరములు వారిలో అనేకులను బలిగొనెను. 1779లో అక్కడికి చేరిన హేన్సెల్ సువార్త పనితోపాటు గవ్వలను, సర్పములను సేకరించెను. 1787లో ఆ పరిచర్య ముగిసెను. అట్టి చోట ఏ ఆకు మందో, ఏది విషమో నిశ్చయముగా తెలియుట ప్రాణముతో కూడిన సంగతి. ఊరికొక పేరున్నచో వైద్యుడు పొరబడును. లోకమంతటికి ఒకే పేరున్నచో ఒకడు నేర్చినది మరియొకనికి చేరును.

పిల్లలకు ఈ పాఠము నేర్పుటకు మన పెరటి కరివేప చాలును. పేరునుబట్టి అది వేపకు చుట్టమనిపించును. పువ్వును, కాయను పరిశీలించి, ఆకును నలిపి వాసన చూచినచో, అది నిమ్మ, మారేడుల కుటుంబమునకు చెందినదని తేలును. పైరూపము మోసగించును, ఓపికగల పరిశీలన సత్యమును చూపును. లిన్నేయస్ ఈ చెట్టు పేరులో రెండవ పదముగా తన శిష్యుని పేరునే ఉంచెను: కోనిగీ.

కోనిగ్ తన విద్యను దాచుకొనలేదు. మిషనెరీలైన జాన్, రాట్లర్ ఆయన యొద్ద వృక్షశాస్త్రము నేర్చిరి. జాన్ బాలుర కొరకు పాఠశాలలు నడిపెను. మిషను జీతము పరిశోధనకు చాలనందున కోనిగ్ 1774లో ఆర్కాటు నవాబు కొలువున చేరెను. 1778లో ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించెను. ఆయన సయాము, మలక్కాల వరకు వెళ్లి మొక్కలు సేకరించెను.

1785లో కాకినాడ జగన్నాథపురమున ఆయన వ్యాధిగ్రస్తుడాయెను. సామర్లకోటనుండి విలియం రాక్స్‌బర్గ్ వచ్చి ఉపచారము చేసెను గాని, జూన్ 26న కోనిగ్ మరణించెను. జీవితకాలములో ఆయన అచ్చువేయించినది స్వల్పము. వ్రాతప్రతులను లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌కు విడిచెను. రాక్స్‌బర్గ్ ఆ పనిని కొనసాగించి, కోరమండల తీరపు మొక్కలపై గొప్ప గ్రంథమును 1795 నుండి వెలువరించెను.

విత్తినవాడొకడు, కోసినవాడు మరియొకడు. తాను పండించిన దానిని కోయక పోయిన కోనిగ్ పేరు నేడు మన వంటింటి తాలింపులోని చెట్టుకు నిలిచియున్నది. దేవుని సృష్టిని క్రమముగా చూడనేర్పిన ఉపాధ్యాయుని శ్రమ వ్యర్థము కాదు.