ఏటీపీ వెనక మన తెలుగాయన

చింతామణి బస్సు కదిలిపోతుంటే పరుగెత్తి పట్టుకుంటాం కదా! ఆ పరుగుకి కండరాల్లో ముందుగా ఖర్చయ్యేవి ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్. ఖర్చయిన ఏటీపీని అప్పటికప్పుడు మళ్లీ నింపేది ముఖ్యంగా ఫాస్ఫోక్రియాటినే. ఈ రెండు పదార్థాలనీ కండరంలో కనిపెట్టినవాళ్లలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు దొర ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వెల్లడించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు, పిల్లల రక్త క్యాన్సర్‌పై వాడిన అమినోప్టెరిన్ ఆయన నడిపిన పరిశోధనల ఫలమే. 1948లో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో పోయారు. నోబెల్ రాలేదు.

పెళ్లయిన కొద్ది ఏళ్లకే సముద్రం దాటిన ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఏటీపీ పాఠంలో సుబ్బారావు గారి పేరే అరుదు. ఆమె పేరు ఇంకెక్కడ? అందుకే ఆ రెండు పేర్లూ ఈ గోడమీద రాస్తున్నాం.