యలవర్తి నాయుడమ్మ

సూర్యాపేట సంతలోనో, కోదాడ, మిర్యాలగూడ వీధులలోనో చెప్పులు కుట్టువారిని మీరు చూచియే యుందురు. ఆ చేతిపనికిని రసాయన శాస్త్రమునకును సంబంధమేమని యడుగుదురేమో! ఆ సంబంధమును దేశమునకు చూపినవాడు డాక్టరు యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922వ సంవత్సరమున తెనాలి సమీపమందలి యలవర్రు గ్రామమున వ్యవసాయ కుటుంబమున జన్మించెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున రసాయన సాంకేతిక విద్య నభ్యసించి, పిమ్మట అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. తోలుపనిని నీచముగా నెంచు కాలమది. రైతుబిడ్డ యొకడు దానినే జీవితవిద్యగా చేపట్టుట సామాన్యమా?

మద్రాసులో 1948లో వెలసిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు ఆయన 1958లో డైరెక్టరయ్యెను. ఆనాడు మన తోళ్లు సగము పదునుతోనే విదేశములకు పోవుచుండెను. వానిని నునుపుచేసి, బూట్లుగా కుట్టి, లాభము గడించువారు పరదేశీయులు. మన లందలలో పనిచేయువారికి మిగిలినది దుర్గంధము, దారిద్ర్యము. దీనిని మార్చవలెనని నాయుడమ్మ సంకల్పించెను. శాస్త్రజ్ఞులను లందల కడకు పంపెను. తోళ్ల వర్తకులను ప్రయోగశాలకు రప్పించెను. మద్రాసు విశ్వవిద్యాలయమున తోళ్ల సాంకేతిక విద్య నేర్చు విద్యార్థులకు ఆ సంస్థలోని వారే పాఠములు చెప్పుచుండిరి. పరిశోధన కాగితములపై నిలిచిపోయినచో తోలు మెత్తబడదు గదా! 1970వ దశకమున ప్రభుత్వము సగము పదునుచేసిన తోళ్ల యెగుమతిని తగ్గించి, తయారైన వస్తువులను ప్రోత్సహించెను.

1971లో ఆయన దేశమందలి శాస్త్ర పరిశోధనశాలల మండలికి అధిపతియై, కరీంనగరు జిల్లా పల్లెలకు శాస్త్రఫలములను చేర్చు పథకమును నడిపించెను.

1985 జూన్ 23న కెనడా నుండి వచ్చుచున్న కనిష్క విమానము బాంబు ప్రేలి ఐర్లండు సమీపమున సముద్రమున కూలెను. అందలి 329 మందియు మరణించిరి. వారిలో నాయుడమ్మ యొకడు.